కొత్త పలుపు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున కాస్త తెల్లబడింది, అంతలోనే మబ్బు దాన్ని మింగేసింది. వాన పడలేదు, ఎండా రాలేదు. పచ్చిమట్టి వాసన మాత్రం వస్తోంది. అది వాన వాసన కాదు. పెద్దమ్మ పెరటి చివర తవ్వుతున్న గోతి వాసన.

చిన్నది కంచె పక్కన దూడ మెడ చుట్టూ చేయి వేసి నిలబడింది. ఇంట్లో ఒక్కత్తే పిల్ల అయినా పుట్టినప్పటి నుంచీ అందరూ దాన్ని చిన్నది అనే అంటారు. కాలేజీకి వెళ్ళే వయసు వచ్చినా ఆ పిలుపు పోలేదు. ఈమధ్య దానికి ఇంకొకటి తోడైంది. పశువైద్యం చదవడానికి సరిపోయే మార్కులు వచ్చాయని తెలిసిన రోజు పెద్దమ్మ నోరారా "డాక్టరమ్మా" అని పిలిచింది. వీధంతా దాన్ని పట్టుకుంది.

ఎర్రావు కాళ్ళు బిగదీసుకుని పక్కకు పడి ఉంది. తవ్వేవాళ్ళు ఇద్దరూ గోతిలోంచి పైకెక్కి, అరచేతులకు మట్టి రాసుకుని, ఆవు కాళ్ళకు మోకు బిగించారు. పెద్దమ్మ వంగి ఆవు మెడలో ఉన్న పలుపు విప్పసాగింది. కొత్త పలుపు. ఇంకా పీచు నున్నబడలేదు. ముడి బాగా బిగుసుకుపోయి ఉంది. వేళ్ళతో రాలేదు. పంటితో లాగింది.

"ఇంత బిగుసుకుందేమిటే?" అంది, ఎవరినీ చూడకుండా.

చిన్నది దూడ మెడ మీద చేయి తీసేసి మళ్ళీ వేసింది.

పశువుల ఆసుపత్రి కాంపౌండర్ గోతికి కాస్త దూరంగా నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నోట్లో ఏదో ఒక పాటో పరాచికమో ఆడుతూ ఉండే మనిషి. గొడ్డుకు సూది వేసేటప్పుడు కూడా దానితో "కాస్త ఓర్చుకోండి అత్తగారూ" అనేవాడు. ఈ పూట ఆయన నోరు పెగలడం లేదు. చివరికి రెండడుగులు ముందుకేశాడు.

"అమ్మా, మా డాక్టరుగారు సెలవులో ఉన్నారు. పక్క ఊరి డాక్టరుగారిని పిలిపిస్తాను. ఒక్కసారి కోసి చూస్తే ఎందుకు పోయిందో తేలిపోతుంది."

పెద్దమ్మ లేచి నిలబడింది. విప్పిన పలుపు చేతిలో వేలాడుతోంది.

"సూదితో చంపి, ఇప్పుడు కత్తితో కోస్తావా?"

"అది కాదమ్మా..."

"నీకు డాక్టరు చెప్పాడా ఎక్కించమని? చెప్పలేదు. ఈనగానే పడిపోయిందని నీకు నువ్వే వచ్చావు, రెండు సీసాల కాల్షియం ఎక్కించావు. నేను కూతురింటి నుంచి వచ్చేసరికి పెరట్లో కొండలా పడి ఉంది. నా ఆవు నీకు పలకనుకున్నావా, రాసి చెరిపేయడానికి?"

కాంపౌండర్ తన చేతులవైపు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. తవ్వేవాళ్ళలో పెద్దవాడు, "పోనీలే అమ్మా, పోయిన గొడ్డు పోయింది. బతికున్న మనిషిని తిడితే పాలిస్తాడా?" అన్నాడు.

మోకు లాగారు. ఆవు తల నేలమీద దొర్లుతూ కదిలింది. చిన్నది చూడకూడదనుకుంటూనే దాని ముక్కువైపు చూసింది. శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. చచ్చిన పశువు ముక్కు అంత శుభ్రంగా ఉండదు.

తుడిచింది తనే. నిన్న సందెవేళ పాత గుడ్డ తడిపి, ఆ రెండు రంధ్రాలనుంచీ కారిన నూనెనూ నురగనూ ఒత్తి ఒత్తి తుడిచింది. తుడిచినప్పుడు దాచాలని తుడవలేదు. అలా కారుతుంటే చూడలేక తుడిచింది. కానీ తుడిచాక దాచినట్టే అయింది. అంతలో పెద్దమ్మ బస్సు దిగి వచ్చింది. నోరు తెరవాల్సిన క్షణం ఒకటి వచ్చింది, గుమ్మం దాకా వచ్చిన చుట్టంలా నిలబడింది, వెళ్ళిపోయింది.

గోతిలో ఆవు పడిన చప్పుడుకు దూడ చెవులు నిక్కబొడుచుకుంది. తల్లి పొదుగు ఎటు ఉందోనని చిన్నదాని మోచేతిని నాకింది.

*

రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు ఒక చిన్న వాకిలి. పెద్దమ్మ భర్త పోయినప్పటి నుంచి రాత్రి భోజనం ఇటే. చిన్నదాని అమ్మా, పెద్దమ్మా అక్కాచెల్లెళ్ళు. ఒకరి ఉప్పు డబ్బా ఎక్కడుందో ఒకరికి చీకట్లోనైనా తెలుసు. ఆవు పోయినప్పటి నుంచి పెద్దమ్మ ఆ వాకిలి దాటి రాలేదు. పిలిస్తే "నాకు ఆకలిగా లేదు, మీరు తినండి" అని గోడ అవతలి నుంచే అనేస్తోంది.

ఆవును పూడ్చి వచ్చిన మధ్యాహ్నం అమ్మ పొయ్యి దగ్గర నిలబడి నూనె డబ్బా వంచింది. నాలుగు చుక్కలు రాలాయి. డబ్బా ఊపి చూసింది. తరవాత కిటికీలో బోర్లించి ఉన్న, నూనె తెచ్చుకునే పొడుగు సీసావైపు చూసింది. ఆ ఇంట్లో ఆ సీసాను ఎవరూ కడగరు. చిన్నది నిన్న కడిగింది.

అమ్మ కుట్టు మిషన్ల కార్ఖానాలో పని చేస్తుంది. మామూలుగా పొద్దున వెళితే దీపాల వేళకు వస్తుంది, ఆవు పోయాక సెలవు పెట్టింది. నిన్న ఈ రెండిళ్ళలోనూ చిన్నది తప్ప ఎవరూ లేరు.

"పోశావా?" అంది అమ్మ. గొంతు ఎంత తగ్గించిందంటే, పొయ్యి మీది నీళ్ళ చప్పుడు దానికంటే పెద్దగా ఉంది.

చిన్నది తల ఊపింది.

"కాంపౌండర్ పొయ్యమన్నాడా?"

"లేదు. అది లేచి నిలబడే దాకా నోట్లో చుక్క కూడా పొయ్యొద్దన్నాడు."

"మరెందుకు పోశావే?"

"కడుపు ఉబ్బింది. డప్పులా అయింది. మూలుగుతోంది. నేను... చేయగలననుకున్నా."

అమ్మ డబ్బా మూత పెట్టింది. పెట్టినదాన్నే మళ్ళీ గట్టిగా నొక్కింది.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. చచ్చిన ఆవు నువ్వు చెప్పినా లేవదు. ఎల్లుండి సీటు కోసం కాలేజీలో నీ పేరు పిలుస్తారు. పశువైద్యం చదవబోయే పిల్ల పశువును చంపిందని ఈ వీధి ఒకసారి అందంటే ఇక అది నీ ఒంటిమీద పుట్టుమచ్చే. కాంపౌండర్‌కేం, సర్కారు ఉద్యోగం. నాలుగు రోజులు తిడతారు, మర్చిపోతారు."

అని, ఆ పూట కూర నీళ్ళతోనే వండింది. నాన్న ఒక ముద్ద తిని, "ఏంటివాళ కూర చప్పగా ఏడ్చింది? నూనె అత్తారింటికి వెళ్ళిందా?" అన్నాడు. అమ్మ, "నోరు చచ్చిందేమో మీకు" అంది. చిన్నది కంచంలోంచి తల ఎత్తలేదు.

*

మర్నాడు పొద్దున్నే నాన్న పాలకేంద్రం నుంచి చిన్న క్యానులో పాలు తెచ్చాడు. అక్కడ క్యాన్లు ఎత్తి దించడమే ఆయన పని. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి దిగి ఉంటుంది.

"దూడకు పట్టు డాక్టరమ్మా. నీ మొదటి పేషెంటు," అన్నాడు.

చిన్నది పాలు గోరువెచ్చ చేసి, రబ్బరు తొడుగున్న సీసాలో పోసింది. వాకిలి దాటి పెద్దమ్మ పెరట్లోకి వెళ్ళింది. దూడ మెడలో ఆ కొత్త పలుపే ఉంది. పెద్దమ్మ కట్టింది. దూడకు అది పెద్దదయింది. రెండు మెలికలు వేసినా జారుతోంది.

సీసా మూతి పెదాలకు ఆనించగానే దూడ అమ్మను వెతికినట్టు తల పైకెత్తింది. చిన్నది చేయి వెనక్కి లాగేసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తల లేచింది. ఆ చిన్న గొంతు చాచుకుని, లోపల ఏదో మెదులుతుంటే చిన్నదానికి మొన్నటి చప్పుడు వినిపించింది, కుండలో నీళ్ళు ఆడినట్టు గరగరమని. సీసా పక్కన పెట్టి, పాలు చిన్న బకెట్లో పోసి, రెండు వేళ్ళు ముంచి దూడ నోట్లో పెట్టింది. దూడ వేళ్ళు చీకింది. వేళ్ళను మెల్లగా కిందికి, పాలలోకి దించింది. దూడ వేళ్ళ వెంట వచ్చింది, ముక్కు పాలలో ముంచి తుమ్మింది, బకెట్ తన్నింది. సగం పాలు మట్టి తాగింది.

"బకెట్లో తాగడం అప్పుడే దానికేం తెలుసు? సీసాతో పట్టొచ్చుగా," అంది పెద్దమ్మ, గుమ్మంలో కూర్చుని. రెండు రోజులుగా జుట్టు దువ్వుకోలేదు. ఒడిలో పాలచెంబు బోర్లించి ఉంది. ఖాళీ చెంబును ఎందుకు పట్టుకుని కూర్చుందో ఆమెకూ తెలియనట్టుంది.

"ఇలాగే నేర్పుతాను పెద్దమ్మా."

"నేర్పు. నువ్వుండబట్టి. ఆ సూదిగాడి చేతికిస్తే దీన్నీ పూడ్చిపెట్టేవాడు. పైవాళ్ళకి చెప్పా నేను. రేపోమాపో వస్తార్ట విచారణకి."

చిన్నది మళ్ళీ వేళ్ళు ముంచింది. పాలు చల్లారిపోయాయి.

ఇంటికి వచ్చాక నాన్న చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు, "రేపు పెందరాళే బయల్దేరాలి. పిలిచినప్పుడు బల్ల ముందుకెళ్ళి పశువైద్యం అని చెప్పడమేగా? నోట్లో నానబెట్టకుండా చెప్పు."

"నాన్నా, నేను మొక్కల చదువు తీసుకుంటాను. వృక్షశాస్త్రం."

నాన్న ఒక చెప్పుతో ఆగిపోయాడు.

"నిన్న మొన్నటి దాకా కుక్కకు కట్టు, పిల్లికి కట్టు. మా పాత చొక్కా ఒక్కటి మిగల్చలేదు. ఇప్పుడు మొక్కలేంటి?"

"ఇష్టం."

"మన ఇంటికి ఉన్నదే ఒక్క మొక్క. దానికీ నీళ్ళు పొయ్యమంటే ఎండబెట్టి చంపావు."

హాస్యానికే అన్నాడు. చిన్నదాని ముఖం చూసి నవ్వు మధ్యలోనే మింగేశాడు. అమ్మవైపు చూశాడు. అమ్మ గిన్నెలు తోముతోంది. అప్పటికే తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"ఆ కాంపౌండర్‌ని చూసి భయపడ్డట్టుంది పిల్ల," అన్నాడు నాన్న గుమ్మం దిగుతూ. "ఆయన ఈ రెండు రోజులూ ఏ గొడ్డునూ ముట్టలేదట. పాలకేంద్రంలో అనుకుంటున్నారు. చేసిన పని తెలుసుగా మరి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు."

ఆయన వెళ్ళాక కూడా ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది.

*

పశువుల ఆసుపత్రి అంటే ఒక గది, ముందు రేకుల పంచ, పంచలో పశువును నిలబెట్టే ఇనప గొట్టాల చట్రం. ఆ గొట్టాలు గొడ్ల ఒంటి రాపిడికి మెరుస్తూ ఉంటాయి. చిన్నది బడికి పోయే రోజుల నుంచీ అక్కడ ఆ చట్రం ఎక్కి కూర్చునేది. ఏ గొడ్డు ఎక్కడ తంతుందో, చెవి చల్లబడితే దేనికి గుర్తో, మెడ పక్కకు మడిచి పడుకుంటే ఏం అనుకోవాలో అక్కడే విన్నది. కాంపౌండర్‌ను "బాబాయ్" అనేది.

ఆ మధ్యాహ్నం వెళ్ళేసరికి పంచలో ఒక ముసలావిడ మేకను ఒడికి ఆనించుకుని కూర్చుని ఉంది. మేక దవడ కింద గడ్డ ఉబ్బి ఎర్రగా నిగనిగలాడుతోంది.

"చిన్న కోతేగా నాయనా. పోయినేడు నువ్వేగా కోశావు, చీమ కుట్టినంత కూడా అరవలేదిది," అంటోంది ముసలావిడ.

"నేను కొయ్యనమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు," అన్నాడు కాంపౌండర్ గది లోపలి నుంచి.

"అంత దూరం ఎత్తుకుపోయే ఓపికుంటే నేనే డాక్టరయ్యేదాన్ని."

ముసలావిడ లేవలేదు. మేక కూడా తొందరేం లేనట్టు నెమరేస్తోంది.

చిన్నది గదిలోకి వెళ్ళింది. కాంపౌండర్ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బల్లమీద సిరంజిలు, కత్తెర, పట్టకారు అన్నీ కడిగి, గుడ్డ మీద వరసగా ఆరబెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పి ఉన్నాయి. వాడే ఉద్దేశం ఉన్నవాడు అలా కప్పడు.

"రావే డాక్టరమ్మా," అన్నాడు. అలవాటు మీద అన్నాడు, మాటలో ఉప్పు లేదు. "కాలేజీ రేపేగా?"

"బాబాయ్, ఆ మేకను చూడొచ్చుగా."

ఆయన కుడిచేయి మోకాలి మీద పెట్టుకుని చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, గాలికి గడ్డిపరక కదిలినట్టు.

"రెండో సీసా సగంలో ఆపేయాల్సిందేమో," అన్నాడు. "అది ఎక్కుతుంటే గుండె మీద చెయ్యి పెట్టి విన్నాను. విన్నాననే గుర్తు. కానీ నిజంగా విన్నానా, విన్నానని ఇప్పుడు అనుకుంటున్నానా? తొందరపడి ఎక్కించానా? రెండు రోజులుగా అదే. కళ్ళు మూస్తే సీసాలో బుడగలు కనిపిస్తున్నాయి. మీ పెద్దమ్మ తిట్టిన తిట్లలో అబద్ధం ఒక్కటైనా ఉందా అని వెతుకుతున్నా. దొరకలేదు. పైవాళ్ళు వస్తే నాదే తప్పని చెప్పేస్తాను. పశువుల దగ్గర వద్దు, ఏదైనా గుమాస్తా పనిలో వెయ్యండి అంటాను."

ఆయన అంతా తెలిసే ఊరుకున్నాడని చిన్నది ఇంతవరకూ అనుకుంది. తెలిసీ తనను కాస్తున్నాడని ఒక మూల ఆశ కూడా ఉండేది. ఆ ఆశను ఆనుకునే రెండు రోజులు నిలబడింది. ఇప్పుడు ఆనుకోవడానికి గోడ లేదు.

"నీ సూది కాదు బాబాయ్. నేను నూనె పోశాను."

ఆయన వినలేదన్నట్టు చూశాడు.

"నువ్వు వెళ్ళాక కాస్త తేరుకుంది. చెవులు వెచ్చబడ్డాయి. తరవాత కడుపు ఉబ్బింది. సీసాతో నూనె పోశాను. తల పట్టుకునేవాళ్ళు లేరని పలుపు పశువుల పాక దూలం మీంచి వేసి లాగి కట్టాను. నాలుక పక్కకు లాగి పట్టుకున్నాను, ఉమ్మెయ్యకుండా."

"తల ఎంత ఎత్తు కట్టావు?"

"ముక్కు పైకి ఉండేలా."

"దగ్గిందా?"

"దగ్గింది."

"దగ్గగానే వదిలావా?"

"దూలం దగ్గర ముడి రాలేదు. అది గింజుకునేకొద్దీ బిగుసుకుంది."

"కొడవలి లేదూ? తెంపాల్సింది."

చిన్నది పెదవి కొరుక్కుంది. చెప్పడానికి అన్నిటికంటే కష్టమైనది అదే.

"కొడవలి చేతిలోకి తీసుకున్నాను. కొత్త పలుపు బాబాయ్. పెద్దమ్మ సంతలో ఏరి ఏరి కొనుక్కొచ్చింది. తెంపితే తిడుతుందని... మళ్ళీ వేళ్ళతోనే విప్పబోయాను. ఊడేసరికి అది..."

బయట మేక ఒకసారి అరిచింది. ముసలావిడ దాన్ని "ఊరుకోవే" అంది.

కాంపౌండర్ లేచాడు. కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు కదులుతోంది. ఏడుస్తున్నాడేమో అనుకుంది. ఇటు తిరిగాక చూస్తే కళ్ళు పొడిగా ఉన్నాయి, ముఖం నల్లబడి ఉంది.

"ముక్కు ఎందుకు తుడిచావు?"

చిన్నది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నూనె ఒక్క చుక్క కనిపించినా నాకు తెలిసిపోయేది. పొద్దున గోతి దగ్గర ఆ ముక్కువైపే చూశాను నేను. శుభ్రంగా ఉంది. అప్పుడే అనుకున్నాను, ఇక మిగిలింది నా సూదేనని." ఆగాడు. "పొలమారి పశువు పోవడం లోకంలో కొత్త కాదే. నీకు చేయి తిరగలేదు, వద్దన్నది ఎందుకో తెలియక చేశావు. దానికి నిన్ను నేనేమీ అనను. కానీ నా చేతులు తీసుకుపోయి రెండు రోజులు నీ దగ్గర పెట్టుకున్నావు. అది తెలిసి చేశావు."

చిన్నది నిలబడే ఉంది. కూర్చోమని ఆయన అనలేదు.

కాసేపటికి ఆయన బల్లమీది పైగుడ్డ తీశాడు. చిన్న కత్తి ఎంచుకుని వేడినీళ్ళలో వేశాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. వణుకు పూర్తిగా పోలేదు. "మేకను తీసుకురామ్మా," అని కేకేశాడు.

"నోరు తెరిచావా? నేనింకా నీ నాలుక్కే గడ్డ లేచిందనుకున్నా," అంటూ ముసలావిడ మేకను ఎత్తుకొచ్చింది.

"పట్టుకో," అన్నాడు కాంపౌండర్ చిన్నదానితో, తలెత్తకుండా. "దవడ కింద చెయ్యి. తల ఎత్తకు. కిందికి ఉంచు."

చిన్నది పట్టుకుంది. కోత పడింది. చీము పళ్ళెంలోకి కారింది. మేక చీమ కుట్టినంత కూడా అరవలేదు. ముసలావిడ ఆ సంగతి వీధి మలుపు దాకా చెప్పుకుంటూ వెళ్ళింది.

"పద," అన్నాడాయన చేతులు తుడుచుకుని. "ఈ మాట నేను చెప్పను. పక్కన నిలబడతాను. చెప్పాల్సింది నువ్వు."

*

పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. కాంపౌండర్‌ను చూడగానే లేచి లోపలికి పోబోయింది. చిన్నది, "పెద్దమ్మా, ఆగు," అంది. ఆ గొంతుకు గోడ అవతల అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

చెప్పింది. అక్కడ చెప్పినట్టే చెప్పింది, సీసా, దూలం, నాలుక, ముడి, కొడవలి. గుడ్డ కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ పెద్దమ్మ ముఖంలోకి కాక ఆమె చేతిలోని చెంబువైపు చూసింది. అప్పుడే పనినుంచి వచ్చిన నాన్న వాకిలి దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని అలాగే ఉండిపోయాడు.

"చెప్పొద్దన్నది నేనే అక్కా," అంది అమ్మ ఆయన వెనక నుంచి. "దాన్ని ఒక్కదాన్నే అనకు."

పెద్దమ్మ దూడ దగ్గరికి నడిచింది. దాని మెడలో పలుపు చేత్తో పట్టుకుని, ముడి దగ్గర నలిగిన పీచు వేలితో తడిమింది.

"తాడు తెంపితే తిడతాననుకున్నావా?"

చిన్నది తల ఊపింది.

"తిట్టేదాన్నే," అంది పెద్దమ్మ. "కొత్త తాడు తెంపావేమే అని వారం రోజులు తిట్టేదాన్ని. ఆవు పక్కన నిలబడి గడ్డి మేస్తుంటే తిట్టేదాన్ని."

పలుపు వదిలి కాంపౌండర్‌వైపు తిరిగింది. "మిమ్మల్ని నానా మాటలూ అన్నాను."

"అన్నారమ్మా," అన్నాడాయన. పర్లేదని అనలేదు.

"పైవాళ్ళకి నేనే చెప్తాను."

"చెప్పండి. డాక్టరు చెప్పకుండా ఎక్కించినందుకు ఎలాగూ మాట పడుతుంది నాకు. అది నాదే, పడతాను."

నాన్న తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు, "అందుకేనా మొక్కల చదువన్నావు? వదినా, ఇది వృక్షశాస్త్రం తీసుకుంటుందట."

పెద్దమ్మ అప్పుడు చిన్నదాని ముఖంలోకి చూసింది, రెండు రోజుల్లో మొదటిసారి.

"ఏం? చెట్లయితే చచ్చేటప్పుడు దగ్గవనా?"

అని, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

*

కాలేజీ వసారాలో పిల్లలు, తల్లిదండ్రులు బెంచీల మీద కిక్కిరిసి ఉన్నారు. ఎక్కడో వెనక కొట్టంలో ఒక గేదె అరుస్తోంది. నాన్న ప్రతి అరుపుకూ అటు చూస్తున్నాడు. దారి పొడుగునా ఏ చదువని అడగలేదు. బస్సులో కిటికీ పక్క చోటు మాత్రం దానికి వదిలి, దిగిన భుజం దాని భుజానికి ఆనించి కూర్చున్నాడు.

పేరు పిలిచారు. బల్ల వెనక నెరిసిన జుట్టు మేడమ్ ఒకావిడ ఉంది. అరచేతి వెనక పాత కొమ్ముపోటు మచ్చ ఉంది.

"ఏ చదువు కావాలి?"

"పశువైద్యం అండి."

"ఈ చదువు కోరే ప్రతివాళ్ళనీ ఒకటి అడుగుతాను. పశువుల దగ్గర పనిచేశావా ఎప్పుడైనా?"

చిన్నది వసారావైపు చూడలేదు.

"నా చేతిలో ఒక ఆవు పోయిందండి. ఈన్న రోజే పడిపోయింది. కాంపౌండర్ గారు పొయ్యొద్దన్నా నూనె పోశాను. పొలమారింది."

పక్కన పేర్లు చూస్తున్న గుమాస్తా తలెత్తాడు. మేడమ్ కలం కింద పెట్టింది.

"ఈనాక అలా పడిన ఆవుకు గొంతు మొద్దుబారుతుంది. మింగలేదు. తెలుసా?"

"ఇప్పుడు తెలుసండి."

"తెలిశాక కూడా ఇదే కావాలా?"

వెనక కొట్టంలో గేదె మళ్ళీ అరిచింది. ఎందుకు అరుస్తోందో అక్కడున్న ఎవరికీ పట్టినట్టు లేదు. చిన్నదానికి అది మేత అరుపు కాదనిపించింది. నీళ్ళ కోసమేమో అనిపించింది. అంతలో, అనిపించిందని నమ్మేయకూడదని కూడా అనిపించింది. వెళ్ళి చూడాలి. తెలియకపోతే అడగాలి.

"కావాలండి," అంది.

మేడమ్ దాన్ని కాస్త ఎక్కువసేపే చూసింది. ఆపైన కలం తీసుకుని, "తరవాత ఎవరు?" అంది.

*

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. చిన్నది ముందు పెరట్లోకి వెళ్ళింది. బకెట్లో పాలు పోసి, వేళ్ళు ముంచి, దూడ నోట్లో పెట్టి, మెల్లగా కిందికి దించింది. దూడ ముక్కు ముంచింది, తుమ్మింది, మళ్ళీ ముంచింది. ఒక దశలో వేళ్ళు వదిలేసి తనంతట తనే రెండు గుక్కలు పీల్చింది. తాను చేసిన పనికి తానే ఆశ్చర్యపోయినట్టు తలెత్తి చూసింది. దాని మెడలో ఇప్పుడు పాత చీర అంచుతో పేనిన మెత్తటి తాడుంది. కొత్త పలుపు గోడ మేకుకు వేలాడుతోంది, దాని పక్కనే కొడవలి. రెండూ చేతికందే ఎత్తులో ఉన్నాయి. నిన్నటి దాకా కొడవలి ఉండే చోటు అది కాదు.

అమ్మ కంచాలు పెట్టింది. అమ్మకు, నాన్నకు, చిన్నదానికి. అప్పుడు వాకిట్లో చప్పుడైంది. పెద్దమ్మ తన కంచం తానే పట్టుకుని వచ్చింది. రమ్మని ఎవరూ పిలవలేదు. వచ్చిందేమని ఎవరూ అడగలేదు. అమ్మ జరిగి చోటిచ్చింది. పెద్దమ్మ ఎప్పుడూ కూర్చునే చోట, చిన్నదాని ఎడమపక్క కూర్చుంది.

ఏ చదువు చెప్పొచ్చావని అడగలేదు. నాన్నా చెప్పలేదు. అన్నం, కూర చేతులు మారాయి. ఈ రోజు కూరలో నూనె ఉంది. పైన సన్నగా మెరుస్తోంది.

చిన్నది మొదటి ముద్ద నమిలింది. రెండో ముద్ద మింగబోతే గొంతులో అడ్డం పడింది. పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గు మీద దగ్గు. ఆ ఇంట్లో ఎవరికి పొలమారినా నాన్న, "ఎవరో తలుచుకుంటున్నారు నిన్ను," అంటాడు. ఈ పూట నోరు తెరిచి, ఊరుకున్నాడు.

అమ్మ గాభరాగా నీళ్ళ గ్లాసు అందించబోయింది. పెద్దమ్మ ఎడంచేత్తో ఆ గ్లాసు అందుకుని తన పక్కన పెట్టుకుంది. ఆ చేయే చిన్నదాని మెడ వెనక వేసి, తల మెల్లగా కిందికి వంచింది. దగ్గు తగ్గేదాకా అలాగే ఉంచింది. ఊపిరి దారికొచ్చాక చేయి తీసి, గ్లాసు దాని కంచం ముందుకు జరిపింది.

చిన్నది తాగింది.

అందరూ తినడం మొదలుపెట్టారు. గోడ అవతల దూడ కాసేపు అరిచి, పడుకుంది.